నేతి బీరకాయలో నెయ్యి ఎంత?

ఈసారి పోస్టు పొడుగైంది. మొత్తం చదివాకే కామెంటు పెట్టండి. సగం చదివి తిట్టేవాళ్ళతో నాకు పేచీ లేదు, సగం చదివి మెచ్చుకునేవాళ్ళతోనే భయం.

పోయిన ఆదివారం మీటింగులో ఒక రంగుల కాగితం చేతులు మారింది, చూసే ఉంటారు. పైన ఆకుపచ్చని ఆకు బొమ్మ. కింద మొక్కల నూనెలతో చేసిన పాలిమర్ల జాబితా: గోడలకు రంగు, టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్, నేలకు ఫ్లోరింగ్, వేడి ఆపడానికి ఫోమ్. అన్నీ ప్రకృతికి మంచివేనట, మన ఆరోగ్యానికీ మంచివేనట. ఆ కాగితం ఏ కంపెనీదో, ఎవరు తెచ్చారో ఇక్కడ రాయను. నా గొడవ ఆ ఒక్క కంపెనీతో కాదు.

కాగితం చూసి మనవాళ్ళు రెండు జట్లయ్యారు. ఒక జట్టు చప్పట్లు కొట్టింది. "మన కొత్త బిల్డింగు గ్రీన్ బిల్డింగు" అని అప్పుడే స్టేటస్ పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. రెండో జట్టు మాట మా మాళా మీది పెద్దాయన నోట విన్నాను. "ఆముదం పూస్తే ఏంది, డాంబర్ పూస్తే ఏంది తమ్మీ? ఐదొందల ఫుట్లు చేతిల పడితే సాలు."

నేను రెండు జట్లతోనూ ఒప్పుకోను. మొక్కల నూనెతో చేసిన పాలిమర్ నిజమైన సరుకే. మన తాతలకు, తండ్రులకు చేతి పనిగా తెలిసిన సరుకు. కాని ఆ పేరు పెట్టి అమ్మే డబ్బాలో నూనె ఎంత, మిగతాది ఏమిటి అని అడగకుండా చప్పట్లు కొట్టేవాడు మోసపోతాడు. నాకెందుకులే అని అడగడమే మానేసినవాడు కూడా మోసపోతాడు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతుంటుందో మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ పెద్దల మీటింగులో మాత్రం ఒక్కరూ అడగలేదు.

"మనకేం తెలుసు ఇవన్నీ, ఇంజినీర్లు చూసుకుంటారు" అని ఒక తమ్ముడు అన్నాడు. ఆ మాట కామాటిపురాలో నిలబడి అన్నాడు! ఈ పేటకు పేరే మన పనిని బట్టి వచ్చింది. నిజాం రాజ్యం నుంచి రాళ్ళు మోయడానికి, సున్నం నూరడానికి, గోడలు లేపడానికి వచ్చిన కామాటీల పేట ఇది. సీఎస్‌టీ ఎదురుగా ఉన్న మహానగర పాలిక భవనం చూడండి. డిజైను ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్‌ది, కట్టించిన కాంట్రాక్టరు మన తెలుగువాడు వ్యంకూ బాలూజీ కాళేవార్. 1893లో పూర్తయింది. అంచనా 11,88,082 రూపాయలు, అయిన ఖర్చు 11,19,969 రూపాయలు. అంచనా కంటే తక్కువలో పూర్తి చేసి లెక్క అప్పజెప్పారు. కాళేవార్, జయ కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్ళు మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలబడ్డవాళ్ళు కూడా. గోడ కట్టడం, లెక్క అడగడం, ఈ రెండు పనులూ మన వారసత్వంలోనే ఉన్నాయి. ఒకటి గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోతే ఎట్లా?

ఇక సరుకు సంగతికి వద్దాం.

మా నాయన రంగారి. ఆయన లప్పం డబ్బాలో కొనుక్కొచ్చింది కాదు. సుద్ద పొడిలో అల్సీ తేల్, అంటే మన అవిసె నూనె, పోసి చేత్తో పిసికి చేసేవాడు. తలుపుకు పెట్టిన ఆ లప్పం కొన్ని రోజులకు రాయిలా బిగుసుకునేది. ఆయనకు పాలిమర్ అనే మాట తెలియదు. కాని జరిగింది అదే. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆ వల బిగిశాక మళ్ళీ నూనెగా మారదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన రంగు డబ్బాలో నూనె మీద కట్టిన మీగడను చూసి, 1863లో లినోలియం పేటెంటు తీసుకున్నాడు. అవిసె నూనె, చెట్టు బంక, బెరడు పొడి కలిపి జనపనార బట్ట మీద పరిచిన నేలపట్ట అది. ఆ పేరులో ఉన్నదే అవిసె, నూనె అని అర్థమొచ్చే లాటిన్ మాటలు.

ఇప్పుడు మన ఖోలీలో కింద పరిచి ఉన్న పూల షీటును చూడండి. మనం దాన్ని లినోలియం అనే అంటాం, దుకాణంవాడూ అదే పేరుతో కొలిచి ఇస్తాడు. అది పీవీసీ ప్లాస్టిక్. అందులో అవిసె లేదు. పేరు నూనెది, సరుకు పెట్రోలుది. నూట అరవై ఏళ్ళ కింద నిజంగా నూనెతో చేసిన వస్తువు పేరును ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా మింగేసిందో మన కాళ్ళ కిందే సాక్ష్యం ఉంది. రేపు "బయో" అనే మాటకు కూడా ఇదే గతి పడుతుంది, మనం లెక్క అడగకపోతే.

ఆముదం కథ ఇంకా దగ్గరిది. మనలో చాలామంది తాతలు పాలమూరు నుంచి, నల్గొండ నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఎర్ర చెల్కల్లో నీళ్ళు లేకపోయినా నిలబడే పంట ఆముదం. దీపానికి అదే, బండి ఇరుసుకు అదే, పసిపిల్లల మాడుకు అదే. ఆముదం అవిసె నూనెలా గాలికి ఆరిపోదు. కాని దానికి పుట్టుకతో ఇంకో గుణం ఉంది. అందులో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువుకు ఒక పక్కన హైడ్రాక్సిల్ అనే కొక్కెం తగిలి ఉంటుంది. సోయా నూనెకు ఫ్యాక్టరీలో ఆ కొక్కెం తగిలించాలి, ఆముదానికి చెట్టే తగిలించి పంపుతుంది. ఆ కొక్కేనికి ఐసోసయనేట్ అనే రసాయనాన్ని తగిలిస్తే పాలియూరిథేన్ తయారవుతుంది. ఫోమ్, పూత, జిగురు, గట్టి గచ్చు, ఏది కావాలంటే అది. అలాగే పలాసలో జీడిపప్పు తీశాక మిగిలే పెంకులో ఉండే జీడి నూనె నుంచి ఎపాక్సీని గట్టిపరిచే మందు చేస్తారు. తడి ఉన్నచోట కూడా పట్టుకుంటుంది కాబట్టి ఓడల పూతల్లో దానికి గిరాకీ.

కాబట్టి "ఆముదంతో బిల్డింగేంది" అని నవ్వినవాళ్ళు ఆ నవ్వు ఆపొచ్చు. మన హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీలో శాస్త్రవేత్తలు ఈ నూనెల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ఇది ఆకు బొమ్మతో పుట్టిన ముచ్చట కాదు.

ఇప్పుడు చప్పట్ల జట్టుతో మాట్లాడతాను.

ఆ కాగితంలోని ఫోమ్ సంగతే తీసుకోండి. స్ప్రే ఫోమ్‌కు రెండు డ్రమ్ములుంటాయి, రెండింటినీ సగానికి సగం కలిపి కొడతారు. ఒక డ్రమ్ములో ఐసోసయనేట్, అది పెట్రోలియం సరుకు. రెండో డ్రమ్ములో పాలియాల్, దాంతోపాటు మంటను ఆపే మందులు, పొంగించే మందులు. మొక్క నూనె ఉండేది ఈ రెండో డ్రమ్ములోనే, అదీ ఒక భాగంగా. ఉదాహరణకు రెండో డ్రమ్ములో పావు వంతు నూనెదనుకోండి. మొత్తం గోడ మీద పడిన ఫోమ్‌లో అది ఎనిమిదో వంతు. కాగితం మీద మాత్రం ఆకు బొమ్మ నిండుగా ఉంటుంది. పీవీసీ షీటులోనూ అంతే. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి, త్వరగా పాడుకాకుండా ఉండటానికి సోయా నూనె నుంచి చేసిన సరుకు కొంచెం కలుపుతారు. అంతమాత్రాన అది సోయా షీటు అయిపోతుందా?

"ఎంత నూనె ఉందో ఎలా తెలుస్తుంది, వాళ్ళు చెప్పిందే కదా" అంటారు. తెలుస్తుంది. బతికి ఉన్న మొక్క గాలి నుంచి తీసుకునే కార్బన్‌లో కొద్దిగా కార్బన్-14 ఉంటుంది. కోట్ల ఏళ్ళు భూమి కింద ఉన్న పెట్రోలియంలో అది పూర్తిగా హరించుకుపోయింది. పాత ఎముకల వయసు కట్టే పద్ధతితోనే డబ్బాలోని కార్బన్‌లో మొక్కది ఎంత, పెట్రోలుది ఎంత అని కొలవొచ్చు. ఆ పరీక్ష పేరు ఏఎస్‌టీఎం డీ 6866. నిజాయితీగా చేసిన కంపెనీ దగ్గర ఆ కాగితం ఉంటుంది. లేనివాడి దగ్గర ఆకు బొమ్మ ఉంటుంది.

రెండో మాట. మొక్కది కాబట్టి మెత్తనిది, మంచిది అనుకోవడం అమాయకత్వం. అవిసె నూనె ఆరేటప్పుడు కూడా ఘాటైన ఆవిర్లు వదులుతుంది. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, మా నాయన వాటిని నీళ్ళ బకెట్లో వేయనిదే ఇంటికి వచ్చేవాడు కాదు. కొత్త సిమెంటు గోడ మీద నూనె రంగు వేస్తే ఏమవుతుందో మన రంగారులందరికీ తెలుసు. సిమెంటులోని క్షారం, నూనె కలిస్తే సబ్బు. తడి గోడ మీద ఆ రంగు జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడలు ఏడ్చే ఈ ఊళ్ళో, తాళాలివ్వాలనే తొందరలో, ఆరని ప్లాస్టర్ మీద నూనె పూత పూస్తే రెండో వానాకాలానికి దాని బతుకు తేలిపోతుంది. అప్పుడు తప్పు నూనె మీదికి నెట్టేస్తారు. తప్పు నూనెది కాదు, తొందరది.

మంట సంగతి చెప్పనక్కరలేదు. పాలియూరిథేన్ ఫోమ్ మొక్కదైనా పెట్రోలుదైనా అంటుకుంటే విషవాయువులు వదులుతుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చచ్చిపోయింది బయటి గోడకు తొడిగిన ప్లాస్టిక్ పొర వల్లే. మనం ఇప్పుడు మూడు, నాలుగు మాళాల నుంచి ఆకాశంలోకి పోతున్నాం. కింద గల్లీలోకి పరుగెత్తే రోజులు అయిపోతాయి.

మూడో మాట నాకు అన్నిటికంటే ముఖ్యం. మూడేళ్ళ కింద మా చాల్ టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. కాంట్రాక్టరు పేరు రాయను. రెండు డ్రమ్ములు తెచ్చాడు, ఒకదాని మీద అచ్చం ఇలాంటి ఆకు బొమ్మే. వాన పడుతుందని పైన తాడిపత్రి కట్టి దాని కింద పని చేయించాడు. గాలి ఆడలేదు. నాకా నుంచి తెచ్చిన ఇద్దరు పిల్లలు, పాలమూరు వైపు వాళ్ళే, ముఖాలకు చేతి రుమాళ్ళు తప్ప ఇంకేం లేవు. సాయంత్రానికి ఒకడు దిగొచ్చి మా గడప దగ్గర కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు. మా ఆవిడ మంచినీళ్ళిస్తే గుక్క దిగలేదు. "ఏం కాదు అక్కా, మందు వాసన" అన్నాడు. రెండో రోజు రాలేదు. కాంట్రాక్టరు ఇంకొకణ్ణి తెచ్చాడు. ఆ పిల్లవాడు ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. ఆ తప్పు నాది కూడా.

ఐసోసయనేట్ ఆవిరి పీల్చితే ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబంలోదే. ఫోమ్‌లో వాడేది అదే రసాయనం కాదు, దాని దాయాది. గట్టిపడిన తర్వాత ఇంట్లో ఉండేవాళ్ళకు ఆ భయం బాగా తగ్గుతుంది. భయమంతా కొట్టేవాడికి. అంటే ఎవరికి? మనకే. ఇవాళ్టికీ ఈ ఊళ్ళో కట్టడం పనిలో మనవాళ్ళు ఎందరున్నారో మీకు నేను చెప్పాలా? ఫ్లాటులో ఉండబోయే కామాటీకి పచ్చదనం, ఆ ఫ్లాటు కట్టే కామాటీకి దగ్గు. ఇదా మనం చప్పట్లు కొట్టాల్సింది?

నాలుగో మాట, నూనె ఎక్కడిది? అడవులు నరికి వేసిన పామాయిల్ కూడా మొక్క నూనే. వంట నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి కొనుక్కునే దేశం మనది, తినే నూనెను గోడకు పూయమని నేను అడగను. ఆముదం తినేది కాదు, అవిసె నూనె మన వైపు పెద్దగా వంటకు వాడం, జీడి పెంకు నూనె పప్పు తీశాక మిగిలేది. ప్రపంచానికి ఆముదం నూనె పోసేది ఇండియానే, అందులో అధిక భాగం ఇప్పుడు గుజరాత్‌ది. ఒకప్పుడు ఆముదానికి పేరు మోసిన మన పాలమూరు, నల్గొండ చెల్కలు పత్తికి మళ్ళాయి. దాసరి పురుగు, బూజు తెగులు, నిలకడ లేని ధర, అన్నీ కలిసి రైతును విసిగించాయి. పాలెం పరిశోధన కేంద్రం హరిత, పీసీహెచ్-111 లాంటి రకాలు ఇచ్చింది. విత్తనం ఉంది, నేల ఉంది, లేనిది నమ్మకంగా కొనేవాడు. బొంబాయిలో ఇన్ని వేల ఇళ్ళ గోడలకు, గచ్చులకు ఆ నూనె అవసరమైతే అది మనం విడిచి వచ్చిన ఊరికి చేరే డబ్బు. నన్ను పిచ్చివాడనుకున్నా సరే, నాకు ఈ ఆశ ఉంది.

ఇప్పుడు రెండో జట్టుకు, ముఖ్యంగా మా మాళా పెద్దాయనకు. బాపూ, 500 చదరపు అడుగులు ముందు, కాదనను. 33(9) కింద దాదాపు 34 ఎకరాల కామాటిపురా లేస్తుంటే ఇంటి కొలత, మధ్యలో ఉండటానికి కిరాయి, కాగితాల్లో పేరు, ఇవే ప్రాణం. కాని ఆ 500 అడుగుల్లో మీకు తగిలేది ఏమిటి? సిమెంటు కాదు, ఇనుము కాదు. వాటి మీది పూత, కాళ్ళ కింది షీటు, బాత్రూం కింది వాటర్‌ప్రూఫింగ్. మీ మనవడు పాకేది దాని మీద, గోకి నోట్లో పెట్టుకునేది దాన్ని. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని ఈ దేశంలో నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు మనం పూసుకున్న రంగుల్లో ఎంత సీసముందో ఎవరడిగారు? అప్పుడు కూడా "రంగు సంగతి తర్వాత" అనే అన్నాం.

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటాను. బిల్డింగు బరువంతా సిమెంటుది, ఉక్కుది. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు ఖాతాలోదే. పైన నూనె రంగు పూసినంత మాత్రాన భూమి చల్లబడదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, మిగతాదంతా ఎప్పటిలాగే కట్టి ఒక డబ్బా చూపించి "గ్రీన్" అంటే ఒప్పుకోవద్దు. ఆ డబ్బాను దానికి తగిన చోట, తగినంత మెచ్చుకుందాం.

ధర ఎక్కువ అంటారు. కొన్ని చోట్ల ఎక్కువే. అందుకే అన్నిటికీ అడగను. తలుపులకు, కిటికీలకు, ఆరిన గోడలకు, గచ్చుకు అడుగుతాను. ఫోమ్ అయితే అసలు అవసరమా అని ముందు అడుగుతాను. "బిల్డరు వినడు" అంటారు. ఒక్కొక్కరం అడిగితే వినడు. సంఘం తీర్మానం చేసి మ్హాడాకు రాతపూర్వకంగా ఇస్తే, కనీసం అడిగినట్టు కాగితమైనా ఉంటుంది.

వచ్చే జనరల్ మీటింగులో ఈ ఐదు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను:

1. మొక్కలది అని చెప్పే ప్రతి సరుకులో మొక్కల కార్బన్ ఎంత శాతమో డీ 6866 పరీక్ష కాగితంతో చూపాలి. శాతం లేకపోతే ఆ మాట బ్రోచరులోంచి తీసేయాలి.

2. మిగతా భాగంలో ఏముందో రాసి ఇవ్వాలి. భద్రతా వివరాల పత్రం సైటులో మరాఠీ, హిందీ, తెలుగులో గోడకు అతికించాలి. ఐసోసయనేట్ కొట్టేవాళ్ళకు సరైన మాస్కు, గాలి ఆడే ఏర్పాటు లేకుండా పని మొదలు కాకూడదు.

3. మంట పరీక్ష కాగితం లేని ఫోమ్‌నుగాని, బయటి తొడుగునుగాని ఒప్పుకోకూడదు.

4. ఏ నూనె, ఎక్కడిది చెప్పాలి. ఆముదం, అవిసె, జీడి పెంకుకు ముందు చోటు.

5. ఒక నమూనా గది కట్టి, పూత పూసి, ఒక వానాకాలం ఉంచి చూపాలి. ఆ తర్వాతే మిగతావి. వాటర్‌ప్రూఫింగ్ హామీ ఎన్నేళ్ళో ఒప్పందంలో అంకెతో రాయాలి.

ఇందులో పెద్ద చదువు అక్కరలేదు. కూరగాయల బండి దగ్గర మన ఆడవాళ్ళు రోజూ చేసే పనే ఇది. గిల్లి చూస్తారు, తూకం చూస్తారు, తర్వాత డబ్బు తీస్తారు. మనం పుట్టి పెరిగిన ఇంటిని ఇచ్చి ఇంకో ఇంటిని తీసుకుంటున్నాం. ఆ మాత్రం గిల్లి చూడొద్దా?

ఒప్పుకోనివాళ్ళు ఎందుకో కింద రాయండి. రంగు పని, వాటర్‌ప్రూఫింగ్ పని చేసిన అన్నలు మీ అనుభవం తప్పకుండా రాయండి, నేను చెప్పినదాంట్లో తప్పుంటే దిద్దండి. మూడేళ్ళ కింద మా టెర్రస్ మీద పనిచేసిన ఆ పిల్లవాడు ఎవరికైనా తెలిసుంటే నాకు ఫోన్ చేయించండి.

మీ సభ్యుడు,
ఫాక్‌లాండ్ రోడ్